కొలిచావా, రాశావా?

(సూర్యాపేటలో మా ఫిజిక్స్ సారు జ్ఞాపకార్థం ఇచ్చిన ఉపన్యాసం. సభలో మాట్లాడినదాన్ని అచ్చు కోసం కొద్దిగా సవరించాను.)



తన పేరు మీద సభలు పెట్టొద్దని సారు బతికుండగానే గట్టిగా చెప్పారు. ఆ మాట సగం తప్పి మనం సభ పెట్టుకున్నాం. మిగతా సగమన్నా నిలబెడదామని ఈ ఉపన్యాసంలో ఆయన పేరు నేను పలకడం లేదు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఆ పేరు తెలియనివాళ్లు లేరు.

మన సైన్యం కొనే డ్రోన్లను ఎవరు పరీక్షిస్తారు, ఆ పరీక్ష సరిగ్గా జరిగిందో లేదో ఎవరు చూస్తారు అన్నది ఈ పూట నేనెత్తుకున్న విషయం. ఫిజిక్స్ సారు సభలో ఈ మిలిటరీ సంగతేంటని నిర్వాహకుల్లో ఒకరు ఫోన్‌లో అడిగారు. సారు దగ్గర నేను నేర్చుకున్నది ఇదొక్కటే, రక్షణ సామగ్రి తనిఖీలో ముప్పై ఏళ్లు నాకు అన్నం పెట్టింది కూడా ఇదేనని చెప్పాను.

ఆ పాఠం ఎలా నేర్పారో ముందు చెప్పాలి. ఇంటర్‌లో లఘులోలకం ప్రయోగం. దారానికి కట్టిన ఇనుప గుండు, ఒక స్టాప్‌క్లాక్, ఒక స్కేలు. ఇరవై ఊగులకు ఎంతసేపు పట్టిందో చూసి గురుత్వ త్వరణం తేల్చాలి. జవాబు 980 సెంటీమీటర్లని పుస్తకంలో ఉంది, సీనియర్ల రికార్డుల్లోనూ ఉంది. మేం తెలివైనవాళ్లం కదా, జవాబు దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిచి రీడింగులు రాసేశాం. సారు రికార్డులన్నీ ఒక్కొక్కటే తిప్పారు. 980, 979, 981, మళ్లీ 980. నా బల్ల దగ్గర ఆగి, గొంతు పెంచకుండా అడిగారు: “కొలిచావా, రాశావా?”

నేను తల వంచుకున్నాను. మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడికి మాత్రం 941 వచ్చింది. పాపం, వాడు నిజంగా కొలిచాడు. సారు వాడికి పూర్తి మార్కులు వేశారు. తర్వాత వాడి పక్కన కూర్చొని గంటసేపు ఆ తేడా ఎక్కడ పుట్టిందో వెతికించారు. దారం పొడుగు గుండు నడిమధ్య వరకు కొలవాల్సింది, వాడు పై అంచు దాకా కొలిచి ఆపేశాడు. దారం పొట్టిది కావడంతో ఆ ఒక్క సెంటీమీటరే ఇంత తేడా తెచ్చింది. మేం రాసిన 980లో వెతకడానికి ఏమీ లేదు. వాడి 941లో ఒక తప్పు ఉంది, ఆ తప్పు దొరికింది, రెండోసారి సరయింది.

ఇక డ్రోన్ల దగ్గరికి వస్తాను. దారి మన ఊరి మీదుగానే ఉంది.

కల్నల్ బిక్కుమల్ల సంతోష్‌బాబు మన సూర్యాపేట బిడ్డ. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, 16 బిహార్ రెజిమెంట్‌కు కమాండింగ్ ఆఫీసర్ అయ్యారు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ఆయనతో కలిపి 20 మంది మన సైనికులు ప్రాణాలు వదిలారు. తుపాకులు పేలలేదు. రాళ్లు, మేకులు దిగ్గొట్టిన కర్రలు, గడ్డకట్టే నది నీళ్లు. సరిగ్గా ఏడాదికి, 2021 జూన్ 15న, మన ఊళ్లో ఆయన విగ్రహం వెలిసింది. ఆ ఏడాదే ఆయనకు మహావీర్ చక్ర ప్రకటించి, అందజేశారు. బస్టాండు నుంచి ఇక్కడికి వస్తూ నేను ఆ విగ్రహం ముందు కాసేపు నిలబడి వచ్చాను.

ఆ రాత్రి తర్వాత దేశం కొనుగోళ్లలో తొందర పెరిగింది. పెరగాల్సిందే. 2020 జూలైలో రక్షణ కొనుగోళ్ల మండలి సైన్యానికి అత్యవసర అధికారాలిచ్చింది. ఒక్కో కొనుగోలు 300 కోట్ల రూపాయల దాకా, మామూలు మెట్లన్నీ ఎక్కకుండానే చేసుకోవచ్చు. ఆ నవంబర్‌లోనే నౌకాదళం అమెరికా నుంచి రెండు ఎంక్యూ-9 డ్రోన్లను అద్దెకు తెచ్చుకుంది. 2021 జనవరిలో కొండల మీద ఎగిరే స్విచ్ అనే చిన్న డ్రోన్ల కోసం మన దేశపు కంపెనీకే ఆర్డరు వెళ్లింది. లోయకు అవతలి వంపులో ఎవరున్నారో మనిషిని పంపకుండా చూడగలిగితే చాలన్నది ఆనాటి ఆరాటం. గల్వాన్ తర్వాత సరిహద్దుకు వెళ్లిన ప్రతి డ్రోనూ మన ఊరి బిడ్డ నిలబడిన చోట నిలబడే మరో బిడ్డ కోసమే వెళ్లింది. అందుకే అది ఎగురుతుందా లేదా అని అడిగే హక్కు ఈ ఊరికి అందరికంటే కొంచెం ఎక్కువే ఉందని నేను అనుకుంటాను.

కొనుగోలు అంటే ఏమిటో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడవాళ్లకు నేను చెప్పాల్సిన పనిలేదు. సాగర్ ఎడమ కాలువ కింద వడ్లు పండించి అమ్ముకొని బతికే జనం మనం. కోతల కాలంలో మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరుతాయి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు, తాలు ఇంతకు మించకూడదు అని లెక్కలుంటాయి. చిన్నప్పుడు మా నాయన వెంట నేనూ వెళ్లేవాణ్ని. తేమ చూసే మిషన్ కొనేవాడి చేతిలోనే ఉండేది, కాంటా కూడా వాడిదే. బస్తాకు ఇన్ని కిలోలు తరుగు అని వాడే తేల్చేవాడు. ఒకసారి మా నాయన పక్కూరి నుంచి ఇంకో తేమ మిషన్ అడిగి తెచ్చాడు. రెండింటికీ మధ్య మూడు పాయింట్ల తేడా వచ్చింది. ఆ ఏడాది మాకు తరుగు తగ్గింది. అప్పటినుంచి ఆ మనిషి మా నాయనతో మాట్లాడటం మానేశాడు.

తూచేవాడు వేరే మనిషై ఉండాలి, ఆ తూకాన్ని చూసే కన్ను ఇంకొకటుండాలి. రైతుకు ఇది పుట్టుకతో తెలుసు. వేల కోట్ల కొనుగోళ్లలో ఇది మర్చిపోవడం తేలిక.

రక్షణ కొనుగోళ్ల విధానం 2020 అని ఒక లావుపాటి గ్రంథం ఉంది, ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని సారం పెళ్లి సంబంధం చూసినట్టే ఉంటుంది. సైన్యం తనకేం కావాలో ముందు రాసుకోవాలి: ఎంత ఎత్తు, ఎన్ని గంటలు, ఎంత బరువు. ఆ వస్తువు అవసరమేనని రక్షణ మంత్రి అధ్యక్షతన ఉండే మండలి ఒప్పుకోవాలి. కంపెనీల నుంచి ప్రతిపాదనలు పిలవాలి, కాగితం మీద పోల్చాలి. తర్వాత అసలు ఘట్టం, క్షేత్ర పరీక్ష. ఎడారిలో, మంచులో, కొండ మీద ఆ వస్తువును సైనికులే వాడి చూస్తారు. అక్కడ నెగ్గిన తర్వాతే బేరం, ఒప్పందం. రాసుకున్నప్పుడు ఇందులో లోపం కనిపించదు. లోపాలు పరీక్ష మైదానంలో పుడతాయి, మార్చి నెలాఖరులో పుడతాయి.

నా ఉద్యోగంలో ఒక మార్చి నెలాఖరు చెబుతాను. బ్యాటరీల లాటు ఒకటి తనిఖీకి వచ్చింది. సాయంత్రమైంది. ఈ రాత్రి సంతకం పడకపోతే బడ్జెట్ మురిగిపోతుందని పైనుంచి ఫోన్లు. అమ్మకందారు మనుషులు పై వరుసలోంచి నాలుగు పెట్టెలు నా ముందు పెట్టారు. వడ్ల బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి అడుగు నుంచి గింజలు లాగి చూసిన ఇంట్లోంచి వచ్చినవాణ్ని నేను. అడుగు వరుసలోవి తీయమన్నాను. తీయడానికే గంట పట్టింది. మంచులో పెట్టినంత చల్లదనంలో అవి సగం సేపు కూడా పనిచేయలేదు. సంతకం పెట్టలేదు. తర్వాత కొన్నేళ్లు నాకు మంచి పోస్టింగు రాలేదు. దాని గురించి బాధ లేదు. ఆ బ్యాటరీలు వెళ్లాల్సిన చోట ఎవరో ఒక కుర్రాడు రేడియో పట్టుకొని కూర్చుంటాడన్న ఆలోచన ఒక్కటే ఆ రాత్రి నన్ను నిలబెట్టింది.

చల్లదనం సంగతి వచ్చింది కాబట్టి పిల్లల కోసం కొంచెం ఫిజిక్స్. సారుకు కూడా ఇష్టమైన భాగం ఇదే అయ్యేది. నాలుగు రెక్కల డ్రోన్ గాలిని కిందికి తోసి పైకి లేస్తుంది. అది తోసే గాలికి బరువుండాలి. గల్వాన్ ప్రాంతం సుమారు 14,000 అడుగుల ఎత్తు. అక్కడ గాలి చిక్కదనం మన సూర్యాపేట గాలితో పోలిస్తే సుమారు మూడింట రెండు వంతులే. అంటే మోటారు అదే వేగంతో తిరిగినా డ్రోన్‌కు దొరికే ఊతం మూడింట రెండు వంతులే. ఇక్కడ మన పొలంలో పది కిలోల మందుడబ్బా అవలీలగా మోసే యంత్రం అక్కడ అదే బరువుతో లేవడానికే అవస్థ పడుతుంది. ఆ కొరత తీర్చాలంటే రెక్కలు ఇంకా వేగంగా తిరగాలి, దానికి ఇంకా కరెంటు లాగాలి. సరిగ్గా అప్పుడే చలికి బ్యాటరీ బిగుసుకుపోయి ఇవ్వాల్సినంత ఇవ్వదు. దీనికి కొండగాలి సుడులు తోడు. అందుకే మైదానంలో చేసిన పరీక్ష కొండకు చెల్లదు. కొండ మీద మధ్యాహ్నం ఎండలో చేసినది తెల్లవారుజామున నాలుగింటికి చెల్లదు. పరీక్ష జరిగిందని ఎవరైనా చెబితే నేను వెంటనే అడిగేవి మూడు: ఎక్కడ, ఏ వేళప్పుడు, గాలి ఎంత?

మన దేశంలో జరిగినవి కొన్ని చూద్దాం. ఇవన్నీ బయటికొచ్చిన సంగతులే.

మానవరహిత విమానాలకు వాడే రోటాక్స్ 914 ఇంజన్లు ఐదింటిని వైమానిక దళం 2010 మార్చిలో ఒక ఇజ్రాయెల్ సంస్థ నుంచి ఒక్కొక్కటి 87.45 లక్షల రూపాయలకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. అదే రకం ఇంజన్‌ను 2012 ఏప్రిల్‌లో మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో ప్రయోగశాల 24.30 లక్షలకు కొన్నది. ఐదింటి మీద తేడా 3.16 కోట్లు. ధర సంగతి అలా ఉంచినా, వచ్చిన ఇంజన్లకు సరైన ధ్రువీకరణే లేదని, ప్రమాదాలు జరిగి ఒక విమానం పోయిందని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తన నివేదికలో రాసింది. ఆ నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చింది 2020 సెప్టెంబర్‌లో. ఒప్పందం 2010లో, లెక్క తేలింది 2020లో. మధ్యలో పదేళ్లు. ఇంజన్ పెట్టె తెరిచిన రోజు దాని మీది లేబులునూ లోపలి ఇంజన్‌నూ పక్కపక్కన పెట్టి చూసే పని ఒక్క పూటలో అయ్యేది. నా వృత్తిలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇలాంటిదే.

నిశాంత్ అనే డ్రోన్ ఇంకొకటి. బెంగళూరులోని డీఆర్‌డీవో ప్రయోగశాల తయారుచేసింది. పట్టాల మీద నుంచి విసిరితే ఎగిరేది, పారాచూట్ విప్పుకొని దిగేది. ఏళ్ల తరబడి శ్రమించి సైన్యానికి నాలుగు అందించారు. 2015 నవంబర్ నాటికి నాలుగూ కూలిపోయాయి. ఇక వద్దని సైన్యం చేతులెత్తేసింది.

తపస్ అనే డీఆర్‌డీవో డ్రోన్ కథ వేరు. అది నాకు గౌరవం కలిగించే వైఫల్యం. 2011లో 1,650 కోట్లతో మంజూరై, తర్వాత ఖర్చు 1,786 కోట్లకు చేరింది. 30,000 అడుగుల ఎత్తులో 24 గంటలు ఎగరాలన్నది సైన్యం అడిగినది. పరీక్షల్లో అది 28,000 అడుగులు చేరింది, 18 గంటలు నిలిచింది. సరిపోలేదని త్రివిధ దళాలు తేల్చాయి, 2024 ఆరంభానికి ఆ ప్రాజెక్టును ప్రాధాన్య జాబితా నుంచి తప్పించారు. ఎంతో మంది ఇంజనీర్ల పదమూడేళ్ల చెమట అది. అయినా 28,000, 18 అన్న అంకెలను ఎవరూ 30,000, 24గా దిద్ది రాయలేదు. మా మిర్యాలగూడ కుర్రాడి 941 లాంటివి ఆ అంకెలు. వాటి మీద నిలబడి తర్వాతి విమానం కట్టవచ్చు.

అయితే తపస్ దగ్గర ఇంకో ప్రశ్న ఉంది. తయారుచేసే ప్రయోగశాల డీఆర్‌డీవోది. సైనిక విమానాలు ఎగరడానికి పనికొస్తాయని ధ్రువీకరించే సెమిలాక్ సంస్థా డీఆర్‌డీవో గొడుగు కిందిదే. అక్కడ పనిచేసేవాళ్ల నిజాయితీ నాకు తెలుసు, వాళ్లలో నా స్నేహితులున్నారు. కానీ కాంటా వేసేవాడు ఎంత మంచివాడైనా, వాడి జీతం మిల్లు నుంచి వస్తున్నప్పుడు రైతు మనసు కుదుటపడదు. డీఆర్‌డీవో గడువు పెట్టుకొని చేపట్టే మిషన్ మోడ్ ప్రాజెక్టుల మీద కాగ్ 2022 డిసెంబర్‌లో పార్లమెంటుకు ఇచ్చిన నివేదికలో 178 ప్రాజెక్టులకు 119 గడువు దాటాయని ఉంది. అందులో 49 ప్రాజెక్టులకు అదనంగా పట్టిన కాలమే మొదట అనుకున్న గడువును మించింది. గడువు మీరుతుంటే ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగితే పరీక్షకులకు ఫోన్లు వస్తాయి. ఆ ఫోన్ ఎత్తే మనిషికి వేరే గొడుగు ఉండాలని నేనంటాను.

ప్రైవేటు కంపెనీలు వచ్చాక సమస్య తీరిపోయిందనుకునేవాళ్లకు 2025 ఫిబ్రవరి గుర్తుచేయాలి. సరిహద్దు కొండల్లో సరుకులు మోయడానికి 400 డ్రోన్ల కోసం చేసుకున్న మూడు ఒప్పందాలను రక్షణ శాఖ రద్దు చేసింది. విలువ 230 కోట్ల పైచిలుకు. కారణం, వాటిలో చైనా విడిభాగాలు ఉన్నాయని తేలడం. చైనా సరిహద్దులో కాపలా కాసే సైనికుడికి సరుకులు మోసే యంత్రంలో చైనా ఎలక్ట్రానిక్స్! ఎవరు ఎప్పుడు ఎటునుంచి లోపలికి చొరబడి దాన్ని దారి మళ్లిస్తారో తెలియదు. రద్దు చేయడం మంచి పని. ఒప్పందాలు కుదిరిన తర్వాత ఇది తేలడం మాత్రం మంచిది కాదు. యంత్రాన్ని విప్పి, ఒక్కో చిప్పు ఎక్కడిదో, లోపలి సాఫ్ట్‌వేర్ ఎవరు రాశారో చూసే పరీక్ష సంతకానికి ముందే జరగాలి. 2024 ఆగస్టులో రాజౌరీ వైపు శిక్షణలో ఉన్న మన చిన్న డ్రోన్ ఒకటి సాంకేతిక లోపంతో అదుపు తప్పి నియంత్రణ రేఖ దాటిపోయింది. తిరిగి ఇమ్మని హాట్‌లైన్‌లో కబురు పెట్టాల్సి వచ్చింది. అదుపు ఎందుకు తప్పిందన్నది ప్రతిసారీ తేలాల్సిన విషయం.

ఇప్పుడు హైదరాబాద్‌కు రండి. ఇక్కణ్నించి మూడు గంటల ప్రయాణం. ఇజ్రాయెల్ ఎల్బిట్ సంస్థతో కలిసి అదానీ సంస్థ 2018 డిసెంబర్‌లో అక్కడ పెద్ద డ్రోన్ల కర్మాగారం తెరిచింది. ఎల్బిట్ వారి హెర్మెస్ 900 ఆధారంగా అక్కడ తయారైన దృష్టి-10ను 2024 జనవరి 10న అప్పటి నౌకాదళాధిపతి అడ్మిరల్ ఆర్. హరికుమార్ ఆవిష్కరించారు. 36 గంటలు గాలిలో ఉండగలదు. ఏడాది తర్వాత, 2025 జనవరిలో, అలాంటిదే ఒకటి నౌకాదళం స్వీకరించక ముందు జరిపే పరీక్షల్లో పోర్‌బందర్ దగ్గర సముద్రంలో పడింది. పత్రికలు దీన్ని పరువు నష్టంలా రాశాయి. నేనలా చూడను. పడేదేదో కొనకముందు పడాలి, పరీక్ష ఉన్నదే అందుకు. ఎందుకు పడిందన్నది కొనేవాడికి పూర్తిగా తెలిసిందా, తర్వాతి డబ్బు ఆ జవాబు చూశాకే కట్టారా అన్నవి మాత్రం పార్లమెంటు అడగాల్సిన ప్రశ్నలు. నౌకాదళం అద్దెకు తెచ్చుకున్న ఎంక్యూ-9లలో ఒకటి కూడా 2024 సెప్టెంబర్‌లో చెన్నైకి అవతల బంగాళాఖాతంలో దిగిపోయింది. ఆ మరుసటి నెలలోనే అదే కుటుంబానికి చెందిన 31 డ్రోన్లకు సుమారు 32,000 కోట్ల ఒప్పందం కుదిరింది. నౌకాదళానికి 15, మిగతా రెండు దళాలకు ఎనిమిదేసి. రెండు సంఘటనల మధ్య నెల రోజులు కూడా లేవు. మొదటిది ఎందుకు పడిందో రెండోదాని మీద సంతకం పెట్టినవాళ్ల ముందు కాగితం మీద ఉందని నా ఆశ.

ఆంధ్రప్రదేశ్ కర్నూలు జిల్లాలో, ఓర్వకల్లు వైపు, డీఆర్‌డీవోకు బహిరంగ పరీక్షా క్షేత్రం ఉంది. 2025 ఏప్రిల్‌లో 30 కిలోవాట్ల లేజర్‌తో గాలిలోని డ్రోన్‌ను కాల్చి పడగొట్టింది అక్కడే. ఆ లేజర్ వెనక హైదరాబాద్ శాస్త్రవేత్తలున్నారు. అదే ఏడాది జూలైలో డ్రోన్ మీది నుంచి వదిలే చిన్న క్షిపణిని కూడా అక్కడే పరీక్షించారు. తెలుగు నేల మీద ఇంత పని జరుగుతోందంటే నాకు గర్వం. వీడియోలు చూసి చప్పట్లు కొట్టాను కూడా. అయితే వీడియోలో మనకు చూపేది తగిలిన గురి. పది ప్రయత్నాల్లో ఎన్ని తగిలాయి, దుమ్ములో ఎన్ని, వానలో ఎన్ని అన్నది వీడియోలో ఉండదు. ఆ లెక్క ఎక్కడో ఉండాలి, దాన్ని చూసే అధికారం కంపెనీకీ ప్రయోగశాలకూ సంబంధం లేని ఒకరికి ఉండాలి.

కూలినప్పుడు ఏం జరుగుతుందన్నది నేను ఎక్కువగా ఆలోచించే విషయం. 2022 ఫిబ్రవరి 26న మన నల్లగొండ జిల్లా పెద్దవూర మండలంలో ఒక శిక్షణ విమానం పొలాల్లో కూలి, అందులో ఒంటరిగా ఉన్న శిక్షణార్థి పైలట్ చనిపోయింది. మిర్యాలగూడవాళ్లకు బాగా గుర్తుండే ఉంటుంది. అది పౌర విమానం. అలాంటి ప్రమాదాల మీద దర్యాప్తు చేయడానికి చట్టప్రకారం ఒక ప్రత్యేక బ్యూరో ఉంది, దాని నివేదికలు మీరూ నేనూ తీసి చదువుకోవచ్చు. ఇంకోవైపు కర్ణాటక చిత్రదుర్గ జిల్లా. అక్కడ చల్లకెరె పరీక్షా క్షేత్రం నుంచి ఎగిరిన డీఆర్‌డీవో మానవరహిత విమానం 2019 సెప్టెంబర్‌లో ఒక పోకతోటలో పడింది. 2023 ఆగస్టులో తపస్ ఒకటి హిరియూరు తాలూకా వద్దికెరె దగ్గర పొలంలో పడింది. రెండుసార్లూ ఎవరికీ ఏమీ కాలేదు, ఆ ఊళ్లవాళ్ల అదృష్టం. దర్యాప్తు జరిగింది. అయితే తమ పొలంలో పడింది ఎందుకు పడిందో చదువుకోవడానికి ఆ రైతుల చేతికి ఒక్క పేజీ రాలేదు. పౌర డ్రోన్ల కోసం 2021లో వచ్చిన నిబంధనలు సైనిక దళాల డ్రోన్లకు వర్తించవు. సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూలులో డీఆర్‌డీవో ఉంది కాబట్టి, అవినీతి, మానవ హక్కుల ఆరోపణలు తప్ప మిగతావి అడిగినా చెప్పనక్కరలేదు.

ఇవన్నీ రహస్యం కదా అంటారు. మిగతా దేశాలు ఏం చేశాయో చూడండి. బ్రిటన్ సైన్యం వాచ్‌కీపర్ అనే డ్రోన్ల కోసం 2005లో ఒప్పందం చేసుకుంది, మొత్తం 54. అది మన దృష్టి-10కు దాయాది, హెర్మెస్ 450 నుంచి పుట్టింది. వరుసగా కూలాయి. ప్రతి పెద్ద ప్రమాదం మీదా వాళ్ల రక్షణ భద్రతా సంస్థ విచారణ చేసి, చెప్పకూడని వాక్యాలు చెరిపేసి, మిగతాదంతా జనం ముందు పెట్టింది. ఏ సెన్సర్ తప్పు చెప్పింది, ఏ నిమిషంలో ఎవరు ఏ బటన్ నొక్కారు అన్నంత వివరంగా. చివరికి 2024 నవంబర్‌లో ఆ డ్రోన్లను వాడకం నుంచి తప్పిస్తున్నట్టు ప్రకటించారు. దానివల్ల బ్రిటన్ శత్రువుల చేతికి చిక్కలేదు. జర్మనీలో యూరోహాక్ అనే పెద్ద డ్రోన్‌కు 50 కోట్ల యూరోలకు పైగా పోసిన తర్వాత, యూరప్ గగనతలంలో ఎగరడానికి అనుమతి దొరకదని తెలిసి 2013 మేలో ఆపేశారు. వాళ్ల పార్లమెంటు విచారణ సంఘం వేసి సాక్షాత్తు రక్షణ మంత్రినే కూర్చోబెట్టి ప్రశ్నించింది. అమెరికాలో ఆయుధాలను యుద్ధ పరిస్థితుల్లో పరీక్షించే స్వతంత్ర కార్యాలయాన్ని 1983లో వాళ్ల కాంగ్రెస్ చట్టం చేసి పెట్టింది. ప్రిడేటర్ డ్రోన్ యుద్ధానికి సరిపోదని 2001లో ఆ కార్యాలయం రాసింది. అయినా సైన్యం వాడింది, వాడుతూ మార్చుకుంది. నాకు అందులో అభ్యంతరం లేదు. లోపాలు తెలిసి వాడటం సేనాపతి నిర్ణయం, ఆ బరువు ఆయన మోస్తాడు. తెలియకుండా వాడిస్తే ఆ బరువు మోసేది కింది సైనికుడు. ఆ అమెరికా కార్యాలయం సిబ్బందిని 2025 మేలో బాగా కుదించేశారు. ఎక్కడైనా మొదట తెగేది తూకంవాడి ఉద్యోగమే.

వేగం గురించి కూడా న్యాయంగా మాట్లాడాలి. 2025 మే 8 రాత్రి పాకిస్తాన్ మన మీదికి 36 చోట్ల 300 నుంచి 400 డ్రోన్లు పంపిందని మన సైన్యం చెప్పింది. ఆ తర్వాత జూన్‌లో 1,981.90 కోట్లతో 13 అత్యవసర ఒప్పందాలు కుదిరాయి, వాటిలో డ్రోన్లూ ఉన్నాయి, డ్రోన్లను అడ్డుకునేవీ ఉన్నాయి. అలాంటి వేళ నాలుగేళ్ల పరీక్షలు పెట్టుకొని కూర్చోమని నేను చెప్పను. ఉక్రెయిన్ యుద్ధంలో డ్రోన్ రకాలు వారాల్లో మారిపోతున్నాయి. ఆలస్యమూ ప్రాణాలు తీస్తుంది, నిశాంత్ మనకు ఆ పాఠం కూడా చెప్పింది. నేనడిగేది ఇది. అత్యవసరమని ఏ పరీక్ష వదిలేశారో ఆ కాగితంలోనే రాయండి, ఎవరు వదిలేయమన్నారో సంతకం పెట్టండి. యంత్రం చేతికొచ్చిన ఏడాదిలోగా ఆ వదిలేసిన పరీక్ష చేయండి. ఫలితం పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘానికి మూసిన గదిలోనైనా చెప్పండి. ఫ్రీక్వెన్సీలు, సంఖ్యలు, ఎక్కడ మోహరించారో ఎవరికీ వద్దు. ఏడాదికి ఎన్ని కూలాయి, ఏ రకం కారణంతో కూలాయి, పరీక్షించినది ఎవరు, ఈ మూడూ జనానికి చెబితే శత్రువుకు పెరిగే బలం ఏమీ లేదు.

ఇదంతా ఢిల్లీ వ్యవహారం, మనమేం చేస్తామని అనుకోకండి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ ఒకే లోక్‌సభ నియోజకవర్గంలో ఉన్నాయి, నల్లగొండలో. 2019లో ఇక్కణ్నించి గెలిచి నాలుగేళ్లు ఎంపీగా ఉన్న ఉత్తమ్‌కుమార్ రెడ్డి గారు రాజకీయాల్లోకి రాకముందు వైమానిక దళంలో యుద్ధవిమానాలు నడిపినవారు. ఏ పార్టీ ఎంపీ ఉన్నా, ఈ మూడు ఊళ్లు కలిసి ఒక్క ప్రశ్న పంపితే సభలో అడగక తప్పదు. పార్లమెంటులో నక్షత్రం వేసిన ప్రశ్నకు మంత్రి నోటితో జవాబివ్వాలి. ప్రశ్న ముసాయిదా నేను రాసి తెచ్చాను. సభ అయ్యాక బయట బల్ల మీద పెడతాను, చదివి నచ్చితే సంతకం చేయండి. మాటలు మార్చాలనిపిస్తే మార్చండి.

ఇంకొక్క సంగతి చెప్పి దిగుతాను. పోయిన నెల కోదాడ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు నలుగురు మా ఇంటికొచ్చారు. పొలంలో మందు కొట్టే డ్రోన్ సొంతంగా తయారుచేశారట, సైన్యం నిర్వహించే ఏదో పోటీకి పంపాలని వాళ్ల కోరిక. నన్ను సలహా అడిగారు. ఫోన్‌లో వీడియో చూపించబోయారు. వీడియో తర్వాత చూస్తాను బాబూ, లాగ్‌బుక్ ఉందా అని అడిగాను. ఒకమ్మాయి సంచిలోంచి రెండు వందల పేజీల మామూలు నోటుబుక్కు తీసింది. ఎగిరిన ప్రతిసారీ తేదీ, వేళ, గాలి, మోసిన బరువు, బ్యాటరీ రీడింగు. ఏడుసార్లు కూలింది. ఆరింటికి కారణం రాసి ఉంది: వదులైన స్క్రూ, తడిసిన కనెక్టర్, కరెంటు తీగ కనిపించకపోవడం, ఇలా. ఏడో వరుసలో కారణం గడి ఖాళీగా ఉంది. ఏమ్మా, ఇది రాయడం మర్చిపోయారా అన్నాను.

“మర్చిపోలేదు సార్,” అంది ఆ పిల్ల. “ఎందుకు పడిందో ఇంకా మాకు తెలియలేదు.”